కోటు కొనకండి, జాకెట్టు కుట్టించుకోండి

ప్రశ్న: మేడమ్, మేము గోపాలపట్నంలో ఉంటాం. నాకు మధురవాడలో ఐటీ ఉద్యోగం వచ్చి కొన్ని నెలలైంది. పొద్దున్నే స్కూటీ మీద అడవివరం మీదుగా వెళ్తాను. దారిలో చేతులు కొంకర్లు పోతాయి. ఆఫీసులో ఏసీకి వణుకు. మధ్యాహ్నం భోజనానికి బయటికొస్తే చెమటలు. చుడీదార్ మీద మావారి పాత స్వెట్టర్ వేసుకుని వెళ్తుంటే అద్దంలో నాకే బాగోలేదు. ఆన్‌లైన్‌లో మోకాళ్ల దాకా వచ్చే ఉన్ని కోటు ఒకటి చూశాను. ఆఫర్‌లో 4,500 రూపాయలు. ఇంట్లో చెబితే మా అత్తగారు ‘వైజాగ్‌లో చలేటమ్మా, కోటేటి’ అని నవ్వారు. ఆఫీసులో క్రిస్మస్ పార్టీకి అందరూ ఎరుపు వేసుకు రావాలట. ఆ వారాంతంలోనే అరకు, లంబసింగి ట్రిప్పు. తర్వాత పెళ్లయ్యాక తొలి సంక్రాంతి. భోగి నాడు తెల్లవారుజామున పట్టుచీర మీద స్వెట్టర్ వేసుకుంటే ఫొటోల్లో ఎలా ఉంటానో అని ఇప్పట్నుంచే టెన్షన్. మొత్తం ఆరు వేల దాకా పెట్టగలను. ఆ కోటు కొనమంటారా?
– ఒక పాఠకురాలు, గోపాలపట్నం

జవాబు: వద్దండీ. ఆఫర్ ఎంత ఊరించినా ఆ కోటు వద్దు. అలాగని మీ అత్తగారి మాటే నిజమనీ అనను. వైజాగ్‌లో చలి ఉంది, కాకపోతే రోజంతా ఉండదు. డిసెంబరు, జనవరిలో తెల్లవారుజామున 18 డిగ్రీల చుట్టుపక్కల ఉన్నది మధ్యాహ్నానికల్లా 28 దగ్గరికి వెళ్లిపోతుంది. పైగా ఊరంతా ఒకే చలి కాదు. సముద్రం పక్కనున్న వాల్తేరులో కన్నా విమానాశ్రయం వైపు ఉదయం పూట ఉష్ణోగ్రత తక్కువ ఉంటుంది. మీ గోపాలపట్నం అటువైపే. బీచ్ రోడ్డులో ఉండేవాళ్లు ‘చలా, ఎక్కడ?’ అంటే వాళ్లదీ నిజమే, మీ వేళ్లు కొంకర్లు పోవడమూ నిజమే.

ఇక కోటు సంగతి. ఆ కోట్లు చలి దేశాల కోసం పుట్టాయి. అక్కడ బయట చలి, లోపల వెచ్చన. వీధిలో కోటు వేసుకుని నడిచి, ఆఫీసులోకి రాగానే కొక్కేనికి తగిలిస్తారు. మనకు తిరకాసు. డిసెంబరు మధ్యాహ్నం బయట ఎండ, లోపల ఏసీ చలి. అంటే మీరు కోటు సీట్లో వేసుకుని కూర్చోవాలి, వీధిలోకి వచ్చేటప్పుడు విప్పి చేత పట్టుకోవాలి! రెండు నెలలు అలా అవస్థపడ్డాక మిగతా పది నెలలు దాన్ని బీరువాలో దాచాలి. మన సముద్రపు గాలి తేమకు ఉన్ని ముక్క వాసన వస్తుంది, బూజు పడుతుంది. లెదర్ జాకెట్ పేరుతో అమ్మే రెగ్జిన్‌వి ఇంకా ఘోరం. రెండు మూడు వానాకాలాలు గడిచేసరికి మెడ దగ్గర, మోచేతుల దగ్గర పొరలు పొరలుగా రాలి చీర మీదా జుట్టులోనూ అంటుకుంటాయి. ఫొటోలో బాగుందని అదీ కొనేస్తారేమో, ముందే చెబుతున్నా.

మీ రోజు మొత్తంలో మూడు రకాల వాతావరణం ఉంది. స్కూటీ మీద గాలి, సీట్లో ఏసీ, మధ్యాహ్నం ఎండ. ఒక్క దళసరి బట్ట ఈ మూడింటికీ పనికిరాదు. పల్చటివి రెండు మూడు ఉండి, ఒక్కోటీ విప్పుకుంటూ పోయినా కిందది చూడ్డానికి బాగుండాలి. పాత స్వెట్టర్‌తో మీ ఇబ్బంది అదే. అది వెచ్చగానే ఉంటుంది. కాకపోతే కింద వేసుకున్న కుర్తీకీ దానికీ సంబంధం లేదు.

ముందు స్కూటీ. అడవివరం దాటాక ముడసర్లోవ దగ్గర కొండల మధ్య పొద్దున్నే ఎలా ఉంటుందో ఆ దారిన వెళ్లేవాళ్లందరికీ తెలుసు. అక్కడ మిమ్మల్ని వణికించేది గాలి. స్వెట్టర్ అల్లిక సందుల్లోంచి గాలి దూరిపోతుంది, అందుకే రెండు స్వెట్టర్లు వేసినా లాభం ఉండదు. పల్చటి విండ్ చీటర్ ఒకటి తీసుకోండి. మెడ దాకా జిప్, మణికట్టు దగ్గర ఎలాస్టిక్ ఉండాలి. లోపల మామూలు కుర్తీ చాలు. ఆఫీసు పార్కింగ్‌లో విప్పి మడిచి డిక్కీలో పడేయండి. దీనికి స్టైలుతో పనిలేదు, ఎవరూ చూడరు. చేతులకు గ్లవ్స్ వేసుకోండి. ఇక చున్నీ. హెల్మెట్ కింద చుట్టుకున్న కొసలు వీపు వెనక ఎగరకుండా విండ్ చీటర్ లోపలికి దోపి జిప్ పెట్టేయండి. చక్రంలో చున్నీ పడితే ఎంత ప్రమాదమో నేను వేరే చెప్పక్కర్లేదు.

ఇప్పుడు ఆఫీసు. డబ్బు పెట్టాల్సింది ఇక్కడ. చాలామంది ఒక బూడిద రంగు స్వెట్టర్‌ను కుర్చీకి తగిలించి వదిలేస్తారు. సోమవారం నుంచి శుక్రవారం దాకా ఏ డ్రెస్ మీదైనా అదే. జనవరి వచ్చేసరికి దానికి క్యాంటీన్ సాంబారు వాసన పడుతుంది. దాని బదులు పల్చగా దూది పరిచి అడ్డంగా నిలువుగా కుట్లు వేసిన కాటన్ క్విల్టెడ్ జాకెట్ తీసుకోండి. మన ఇళ్లలో పాత చీరల బొంతలు కుట్టినట్టే ఉంటుంది పనితనం. వైజాగ్ చలికి ఇంతకన్నా సరిపోయేది నాకు కనబడలేదు. ఒంటికి తగిలేది నూలు కాబట్టి మధ్యాహ్నం చెమట పట్టినా చిరాకు పుట్టదు, ఇంట్లోనే ఉతుక్కోవచ్చు. రెండు వైపులా వేసుకునే రకం దొరికితే ఒక వైపు కలంకారీ లాంటి అచ్చు, రెండో వైపు సాదా రంగు ఉన్నది చూడండి. అచ్చు వైపు సాదా కుర్తీల మీదకి, సాదా వైపు పువ్వుల కుర్తీల మీదకి. ఒక జాకెట్‌తో వారమంతా నడుస్తుంది.

మీటింగులు, క్లయింట్లు ఉండే ఉద్యోగమైతే రెండోది బ్లేజర్. కొనేటప్పుడు భుజం కుట్టు చూడండి. అద్దం ముందు చేతులు కిందికి వదిలి నిలబడితే, భుజం ఎముక ఎక్కడ అయిపోతుందో కుట్టు సరిగ్గా అక్కడ ఉండాలి. ఒక అంగుళం కిందికి జారినా అరువు తెచ్చుకున్నట్టు ఉంటుంది. నడుము వదులైతే టైలర్ లోపలికి పట్టేస్తాడు, చేతుల పొడవు తగ్గిస్తాడు. భుజాన్ని సరిచేయాలంటే మాత్రం మొత్తం విప్పి కుట్టాలి, ఆ ఖర్చుకు ఇంకో బ్లేజర్ వస్తుంది. చేతుల అంచు మణికట్టు ఎముక దగ్గర ఆగితే కింద షర్టు చేతులు కాస్త కనిపిస్తాయి, ఆ కాస్తతోనే నీటుగా ఉంటుంది. తర్వాత లోపలివైపు తిప్పి చూడండి. మొత్తం పాలిస్టర్ లైనింగ్ ఉంటే మన ఉక్కకు వీపంతా తడుస్తుంది. సగం లైనింగ్ ఉన్నదో, అసలు లేనిదో చూసుకోండి.

బ్లేజర్ కింద అనార్కలీ వేయొద్దు, నడుము దగ్గర బుట్టలా ఉబ్బుతుంది. నిలువు కోత ఉన్న కుర్తీ, కింద మడమ పైకి ఆగే ప్యాంటు బాగుంటాయి. మంగళగిరి కాటన్‌కు ఆ నేత గట్టిదనం ఉంది, ఒంటికి అతుక్కోకుండా నిలబడుతుంది. సన్నటి నిజాం అంచు ఉన్న సాదా మంగళగిరి కుర్తీ, మీద నేవీ బ్లూ బ్లేజర్. ఇంతకు మించి ఆఫీసుకు ఏం కావాలి చెప్పండి? చలికాలం కదా అని అంతా నలుపు, బూడిద వేసేస్తుంటారు. మనకు ఆ రెండు నెలలూ ఆకాశం తేటగా ఉంటుంది, రంగులు బాగా పలుకుతాయి. వంకాయ రంగు, ఇటుక రంగు, ఆవపిండి పసుపు, నెమలికంఠం, వీటిలో రెండు ఎంచుకుని మిగతావి వాటి చుట్టూ కలుపుకోండి.

సీట్లో ఏసీ గాలి నేరుగా మెడ మీద పడుతుంటే ఎన్ని జాకెట్లు వేసినా వణుకు పోదు. పల్చటి ఉన్ని స్టోల్ ఒకటి డ్రాయర్‌లో ఉంచుకోండి. రోడ్డు పక్క దుకాణాల్లో ఉన్ని అని అమ్మేవాటిలో చాలావరకు అక్రిలిక్. అది వెచ్చగానే ఉంటుంది గానీ కొద్దిరోజుల్లో ఉండలు కడుతుంది, హెల్మెట్ తీసేటప్పుడు జుట్టు చిటపటలాడుతుంది. లేబుల్ చదివి కొనండి. లేబుల్ లేకపోతే అక్రిలిక్ ధరే ఇవ్వండి.

క్రిస్మస్ పార్టీ గురించి ఎక్కువ ఆలోచించొద్దు. ఒక్క సాయంత్రం కోసం ఎర్ర డ్రెస్ కొనడం దండగ. తెల్ల కుర్తీ సెట్టు మీద ఎర్ర చున్నీ, లేదా ఉన్న నల్ల డ్రెస్ మీద ఎర్ర స్టోల్ చాలు. సగం మంది టొమాటో ఎరుపులో వస్తారు కాబట్టి మీరు మెరూన్‌కి జరిగితే ఇంకా మేలు. ఆ మెరూన్ ఎందుకు అంటున్నానంటే, సంక్రాంతికి అదే వాడబోతున్నాం.

మీరు ఇన్నాళ్లుగా సిగ్గుపడుతున్న మీవారి పాత స్వెట్టర్‌ను అరకు బ్యాగులో పెట్టండి, దాని అసలు పని అక్కడుంది. అరకు లోయ సముద్ర మట్టానికి 900 మీటర్ల పైన ఉంటుంది. లంబసింగి ఇంచుమించు 1,000 మీటర్లు. అక్కడ డిసెంబరు, జనవరి తెల్లవారుజాముల్లో ఉష్ణోగ్రత పది డిగ్రీల లోపుకు పడిపోవడం మామూలే, కొన్నేళ్లు సున్నా దరిదాపులకూ వెళ్లింది. వైజాగ్ లెక్కలో సర్దుకుని వెళ్లిన వాళ్లంతా అక్కడ రోడ్డు పక్కన మంకీ క్యాపులు కొనుక్కుంటూ కనిపిస్తారు. ఒంటికి అతుక్కునే థర్మల్ ఇన్నర్ జత, దాని మీద ఫుల్ హ్యాండ్స్ టీషర్టు, ఆ మీద స్వెట్టర్, అన్నిటి పైన మీ స్కూటీ విండ్ చీటర్. నాలుగు పొరలున్నా కొత్తగా కొన్నది ఇన్నర్ ఒక్కటే. లెగ్గింగ్స్ ఒక్కటే వేసుకుంటే చలి కాళ్లలోంచి ఎక్కుతుంది, జీన్స్ లోపల థర్మల్ వేయండి.

అక్కడ తెల్లారేసరికి గడ్డి అంతా మంచుతో తడిసి ఉంటుంది. గుడ్డ బూట్లు పది అడుగులకే నానిపోతాయి, ఇక కాళ్లు వెచ్చబడటం కల్ల. అడుగు పట్టు ఉన్న స్పోర్ట్స్ షూ వేసుకుని, పొడి సాక్సులు ఇంకో జత జేబులో పెట్టుకోండి. బొర్రా గుహల్లోకి దిగినా అదే షూ పనికొస్తుంది, లోపల మెట్లు తడిగా జారుడుగా ఉంటాయి. గుహలో ఉక్క కూడా ఉంటుంది, స్వెట్టర్ తీసి నడుముకు కట్టుకునే దిగండి. ఫొటోల మాటకొస్తే, వలిసె పూలు ఇంకా మిగిలి ఉంటే ఆ పసుపు పొలంలో పసుపు బట్టలు కలిసిపోతాయి. ఇటుక రంగో వంకాయ రంగో స్టోల్ మెడలో వేసుకుంటే చాలు. మంచులో తీసుకునే ఫొటోలకూ అవే రంగులు నిలుస్తాయి, తెలుపు బూడిద కనిపించవు.

ఇక మీ టెన్షన్ అంతా ఉన్న భోగి పొద్దు. ఒక మాట గుర్తుంచుకోండి, అసలు పట్టుచీరే వెచ్చన. దళసరి కంచిపట్టో ధర్మవరమో కట్టుకుంటే నడుము కింద చలి తగలదు. చలి తగిలేది చేతులకు, మెడకు, వీపుకు. అక్కడ స్వెట్టర్ బదులు వెల్వెట్ జాకెట్టు వేసుకోండి. మెరూన్ రంగు, ఫుల్ హ్యాండ్స్, ముందు కాలర్ నెక్ లేదా బోట్ నెక్, వీపు మూసి. మెరూన్ వెల్వెట్ మీద ఆకుపచ్చ, ఆవపిండి పసుపు, బంగారు రంగు, గోధుమ రంగు, ఏ పట్టుచీరైనా ఒప్పుతుంది. క్రిస్మస్ పార్టీకి ఏదైనా సాదా క్రీమ్ రంగు చీర ఉంటే దాని మీదకీ ఇదే జాకెట్టు, చున్నీ గొడవ కూడా లేదు.

కాకపోతే కుట్టించేటప్పుడు దగ్గరుండి చెప్పాల్సిన సంగతి ఒకటుంది. వెల్వెట్‌కు నూగు ఉంటుంది. గుడ్డ మీద చెయ్యి కిందికి నిమిరితే నున్నగా మెరుస్తుంది, పైకి నిమిరితే గరుగ్గా, ముదురుగా కనిపిస్తుంది. గుడ్డ కలిసొస్తుందని టైలర్ ఒక చెయ్యి నిలువుగా, రెండోది తలకిందులుగా కత్తిరించాడనుకోండి, కుట్టాక ఒక చెయ్యి మెరూను, ఒక చెయ్యి నల్లమెరూను! దీపాల వెలుగులో ఫొటో తీస్తే ఇంకా కొట్టొచ్చినట్టు కనబడుతుంది. అందుకని పావు మీటరు ఎక్కువే తీసుకుని, ‘అన్ని ముక్కలకూ నూగు ఒకే వైపు పెట్టండి’ అని చెప్పి మరీ ఇవ్వండి. లోపల నూలు లైనింగ్ వేయించండి. మధ్యాహ్నం పిండివంటల దగ్గర కూర్చున్నప్పుడు ఆ లైనింగే మిమ్మల్ని కాపాడుతుంది. ఇస్త్రీ పెట్టె పైనుంచి పెట్టారో, నూగు అణిగి మచ్చ పడిపోతుంది, ఇక లేవదు. తిరగేసి, కింద టర్కీ టవల్ పరిచి, ఆవిరి మాత్రమే పట్టించాలి. మడతపెట్టకండి, హ్యాంగర్‌కి తగిలించండి.

ఇంకా చలేస్తే శాలువా కప్పుకోవచ్చు, అందులో తప్పేం లేదు. కాశ్మీరీ శాలువా పట్టుచీర మీద ఎప్పుడూ అందమే. చీరకు రెండు వైపులా కప్పకుండా, పైట ఉన్న భుజాన్ని వదిలి రెండో భుజం మీద నిలువు మడతతో వేసుకుంటే అంచూ కనిపిస్తుంది, నగలూ కనిపిస్తాయి. కానీ మంట దగ్గరికి వెళ్లేటప్పుడు పైట బొడ్లో దోపుకోండి, శాలువా తీసి పక్కన పెట్టండి. జార్జెట్, షిఫాన్ అని కట్టుకునే చీరల్లో చాలావరకు పాలిస్టర్. నిప్పురవ్వ పడితే కరిగి ఒంటికి అతుక్కుంటుంది. అక్రిలిక్ శాలువా అయితే గుప్పున అంటుకుంటుంది. పట్టు, ఉన్ని అంత తొందరగా అంటుకోవు, అలాగని పట్టుచీరతో మంట మీదకి వంగి పిడకల దండ వేయకండి. ఆ పని పిల్లలకు వదిలేసి మీరు ఫొటోలకు నిలబడండి.

మీరు అడగలేదు గానీ, ఈ మధ్యలోనే మార్గశిరం వస్తుంది. గురువారం తెల్లారకముందే బురుజుపేట కనకమహాలక్ష్మి అమ్మవారి క్యూలో నిలబడే అలవాటు మీ ఇంట్లో ఉంటే, ఆ రోజు లేత రంగు శాలువా ముట్టుకోకండి. అమ్మవారికి అందరూ తమ చేత్తోనే పసుపు కుంకుమలు వేస్తారు, ఆ రద్దీలో అవి మీ మీద పడకుండా ఉండవు. ముదురు రంగు నూలు చీర, మీద ఆ క్విల్టెడ్ జాకెట్. పసుపు మరక పడితే వెంటనే సబ్బు రుద్దొద్దు, ఎర్రబడుతుంది. చల్లటి నీళ్లతో జాడించి ఎండలో ఆరేస్తే క్రమంగా వెలిసిపోతుంది.

మీవారి బట్టల ఖర్చు మీ ఆరు వేలలోంచి తీయనక్కర్లేదు. కొత్తల్లుడు కదా, పండక్కి బట్టలు మీ పుట్టింటివాళ్లే పెడతారు. ఏదో సిల్కు కుర్తా కొనేలోపే మీ అమ్మగారి చెవిన వేయండి, పొందూరు ఖద్దరు చొక్కా, పంచె, మీద నెహ్రూ జాకెట్ అని. మన శ్రీకాకుళం జిల్లా నేత. అక్కడ దూదిని శుభ్రం చేయడానికి వాలుగ చేప దవడ ఎముకను దువ్వెనలా వాడతారు, అంత సన్నం ఆ నూలు. చేతులు లేని ఆ నెహ్రూ జాకెట్ గుండెకు వెచ్చదనం ఇస్తుంది, భోజనాల వేళకు విప్పినా చొక్కా హుందాగానే ఉంటుంది.

ఇక డబ్బు. ముందు క్విల్టెడ్ జాకెట్, తర్వాత వెల్వెట్ గుడ్డ, కుట్టుకూలి, ఆ తర్వాత విండ్ చీటర్, థర్మల్ ఇన్నర్, చివర స్టోల్. బ్లేజర్‌కు ఇందులో మిగలకపోతే జనవరి నెలాఖరు దాకా ఆగండి. పండగ హడావుడి తగ్గాక చలికాలం సరుకు ధర దించి అమ్ముతారు, మీ ఆఫీసు ఏసీ ఎలాగూ ఏడాదంతా ఆగదు. సంక్రాంతి అయ్యాక ఉన్నివి ఒకపూట నీడపట్టున గాలికి ఆరేసి, పాత నూలు పంచెలో చుట్టి, ఎండు వేపాకు వేసి దాచండి. ప్లాస్టిక్ కవర్లో పెడితే తేమ లోపలే ఉండిపోతుంది.

టైలర్ దగ్గరికి మాత్రం ఈ వారమే వెళ్లండి. డిసెంబరు సగం దాటిందంటే పూర్ణా మార్కెట్ నుంచి గోపాలపట్నం దాకా ఏ టైలర్‌ను అడిగినా ‘పండగయ్యాకే అమ్మా’ అంటాడు. వెళ్లేటప్పుడు సరిగ్గా సరిపోయే పాత జాకెట్టు ఒకటి కొలతకు పట్టుకెళ్లండి. చేతుల దగ్గర అర అంగుళం వదులు పెట్టమనండి, వెల్వెట్ సాగదు.